సాయంత్రం పడగొట్టే గోడలు

నందిగామ శాఖా గ్రంథాలయంలో ఆడవాళ్లకి వేరే బల్ల ఉండేది కాదు. ఆడవాళ్లు వస్తారని ఎవరూ అనుకోలేదు కాబట్టి. నేను వెళ్లిన మొదటి రోజుల్లో లైబ్రేరియన్ గారు "ఎవరికోసమమ్మా?" అని అడిగేవారు. "నాకోసమేనండి" అంటే, కళ్లజోడు సర్దుకుని సంతకాల రిజిస్టరు నా వైపు తిప్పేవారు. తొమ్మిదో తరగతిలో బడి మానేసినదాన్ని. మిరప కోతలూ పత్తి తీతలూ లేని రోజుల్లో ఆ గదిలో కూర్చుని చేతికందింది చదివేదాన్ని. వారపత్రికలు, పురుగుమందుల మీద కరపత్రాలు, హోమియో వైద్యం, నక్షత్రాల గురించి ఒక పాత పుస్తకం. ఎవరూ ముట్టని పుస్తకాల మీద నాకు ఎక్కువ ఆశ. పాలిటెక్నిక్ పిల్లల కోసం ఎవరో తెలుగులో రాసిన గృహనిర్మాణ పుస్తకం ఒకటి అడుగు అరలో పడి ఉండేది. కొన్ని పేజీల అంచులు కోయనే లేదు. నేను అడిగి, బ్లేడు తెచ్చుకుని, కోసుకుని చదివాను. ఆ పుస్తకాన్ని నందిగామలో మొట్టమొదట చదివింది నేనే. ఆ గర్వం ఇప్పటికీ పోలేదు. ఆ గర్వం వల్ల పడ్డ చిక్కు గురించి కూడా దాచకుండా రాస్తాను.

ఎనభైల మొదట్లో ఒక వేసవి చివర, ఆ గ్రంథాలయం నోటీసు బోర్డు మీదే ఆ కాగితం చూశాను. గ్రామీణ యువతకు తాపీ పనిలో ఆరు నెలల శిక్షణ. స్థలం జగ్గయ్యపేట. ఏడో తరగతి చదివితే చాలు. చివరి లైనులో "స్త్రీలు కూడా అర్హులే" అని ఉంది. ఆ లైను ఎవరు రాశారో, ఎందుకు రాశారో నాకు తెలియదు. రాసినవాళ్లకి కూడా తెలియదని తర్వాత అర్థమైంది.

అప్పటికి రెండు వేసవులుగా నందిగామలో లేస్తున్న ఇళ్ల దగ్గర మాలు మోస్తున్నాను. మాలంటే ఇసుకా సిమెంటూ నీళ్లూ కలిపిన ముద్ద. దాన్ని ఇనప తట్టలో నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కి మేస్త్రీకి అందించాలి. ఆడవాళ్లు మోస్తారు, మగవాళ్లు కడతారు. మా అమ్మ మోసింది, అమ్మమ్మ మోసింది. మగపిల్లవాడు పదిహేనో ఏట మోతతో మొదలుపెట్టి ఇరవయ్యో ఏట తాపీ పడతాడు. ఆడపిల్ల పదిహేనో ఏట మోతతో మొదలుపెట్టి, మెడ పట్టేసే వయసుదాకా మోస్తూనే ఉంటుంది. నాకు తాపీ కావాలి. గోడ మీద నిలబడి ఇటుక పెట్టాలి, కింద నుంచి ఎవరో నాకు మాలు అందించాలి. నా కోరిక అంతే.

ఇంట్లో చెబితే మా అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

"మాలు మొయ్యడానికి ట్రైనింగెందుకే? నేను ఒక్కపూటలో నేర్పనా?"

"మొయ్యడానికి కాదమ్మా, కట్టడానికి."

"కట్టేది మొగోళ్లు."

"ఆడవాళ్లు కూడా అర్హులేనని కాగితంలో రాశారు."

"కాగితానికేం పోయింది. మొయ్యాల్సింది అది కాదుగా."

అయినా ఆదివారం చర్చిలో నా పేరు చెప్పి ప్రార్థన చేయించింది. సోమవారం బస్సెక్కాను.

శిక్షణ స్థలం జగ్గయ్యపేటలో ఒక పత్తి గోడౌను వెనక ఖాళీ నేల. ఒక మూల ఇటుకల గుట్ట, ఇంకో మూల మున్నేటి ఇసుక, మధ్యలో రేకుల పందిరి. పద్నాలుగు మందిమి. పన్నెండు మంది కుర్రాళ్లు, ఇద్దరం ఆడవాళ్లం. రెండో ఆవిడ కీసర నుంచి వచ్చేది. నాకన్నా ఆరేడేళ్లు పెద్ద, పెళ్లై ఇద్దరు పిల్లలు. నందిగామలో నేనెక్కేసరికి బస్సులో నాకు సీటు ఆపి ఉంచేది. తాపీ నేర్చుకోవాలని ఆవిడకి ఏ ఆశా లేదు. "స్టైపెండిస్తామన్నారు, వచ్చా. రేపు బుట్టలల్లడం నేర్పి ఇస్తామంటే అటు పోతా" అని మొదటి రోజే చెప్పేసింది. అబద్ధం చెప్పకపోవడం వల్ల ఆవిడంటే నాకు ఇష్టం.

మాకు నేర్పే మేస్త్రీ జగ్గయ్యపేట వాడే. అరవైకి దగ్గర. చేతుల బనీను, మెడ మీద తువ్వాలు, చెవి మీద సగం కాలిన బీడీ. ఆ చుట్టుపక్కల పాత మేడల్లో చాలా వాటికి ఆయన చెయ్యి పడిందని చెప్పుకునేవారు. మొదటి రోజు కుర్రాళ్లని వరసగా నిలబెట్టి ఒక్కొక్కరి చేతికీ ఆఫీసు వాళ్లు పంపిన ట్రంకు పెట్టెలోంచి ఒక తాపీ ఇచ్చాడు. మా దగ్గరకి వచ్చి ఆగాడు.

"మీరు మాలు అందించండమ్మా."

"మేమూ నేర్చుకోడానికే వచ్చామండి" అన్నాను.

"అందిస్తా నేర్చుకోండి. నేనూ అట్టాగే నేర్చుకున్నా."

పెట్టెలో రెండు తాపీలు మిగిలాయి. మూత వేసి, దాని మీద కూర్చుని బీడీ వెలిగించాడు. అయిదున్నర నెలల పాటు ఆ మూత తెరుచుకోలేదు. ఇప్పుడు తల్చుకున్నా పళ్లు నూరుకుంటాను.

ఇంకా విసుగైన సంగతి రిజిస్టరు. ఆయనకి చదువు రాదు. రోజూ "ఈనాడు నేర్పిన పని" అనే గడి నింపి ఆఫీసుకి చూపించాలి. చదివేదాన్నని తెలిసి ఆ పని నాకు అంటగట్టాడు. అంటే రోజంతా మాలు మోసి, సాయంత్రం నా చేత్తో నేనే, ముద్దుగా గుండ్రటి అక్షరాలతో, "స్త్రీ అభ్యర్థులు: తొమ్మిదంగుళాల గోడ కట్టుట" అని రాయాలి. ఏది రాయమంటే అది రాశాను. మూడో నెలలో ఒకరోజు విసుగెత్తి నిజం రాశాను: "స్త్రీ అభ్యర్థులు: మాలు మోయుట, ఇటుకలు గీకుట." నెలాఖరుకి ఆఫీసరు జీపులో వచ్చి అది చూసి, ఎర్ర సిరాతో కొట్టేసి, "ఇలా రాస్తే ఆడిట్‌లో నా ప్రాణం తీస్తారు. సరిగ్గా రాయమ్మా" అన్నాడు. అంతే తప్ప, సరిగ్గా నేర్పమని మేస్త్రీకి చెప్పలేదు. రాత సరిచేశాడు. పని సరిచేయాలని తోచలేదు.

అక్కడ నేర్పే పద్ధతి ఇలా ఉండేది. పొద్దున్న కుర్రాళ్లు సిమెంటుతో కాక బురద మట్టితో గోడలు కడతారు, ఇద్దరికొకటి చొప్పున. మేస్త్రీ చూస్తాడు, తిడతాడు. సాయంత్రం అవన్నీ పడగొట్టి, ఇటుకలకంటిన మట్టి గీకి, మర్నాటికి పేర్చి పెట్టాలి. కట్టినవాళ్లు టీకి పోయేవారు. పడగొట్టడం, గీకడం మా ఇద్దరి వంతు. రోజుకి ఆరు గోడలు. ఎవరో కట్టిన గోడ కూల్చి శుభ్రం చేయడమంత చికాకైన పని ఇంకోటి లేదు. ఎంగిలి కంచాలు కడగడమన్నా కాస్త నయం.

కానీ చేతులు పనిలో ఉంటే బుర్ర ఊరికే ఉండదు కదా. ఒక నెల గడిచేసరికి, ఏ గోడ ఎలా పడుతుందో గమనించడం మొదలైంది. కొన్ని ఒక్క తోపుతో బిళ్లలుబిళ్లలుగా విడిపోయేవి. కొన్ని నడుం దగ్గర విరిగేవి. ఒకటీ అరా మాత్రం గునపం పెట్టి ఇటుక తర్వాత ఇటుక పీకితే తప్ప ఊడేవి కావు. పైకి చూస్తే అన్నీ ఒకేలా నున్నగా ఉండేవి. లోపలే తేడా. పుస్తకంలో బొమ్మలుగా చూసిన అల్లిక, అంటే కింది వరసలో సందు మీద పై వరస ఇటుక నడుము పడేలా పేర్చడం, నా కళ్లెదుట విడిపోతూ కనిపించేది. సందు మీద సందు పడిందంటే ఆ గీత వెంబడే గోడ చీలుతుంది. ఇదంతా ఒక నోటుబుక్కులో బొమ్మలతో సహా రాసుకునేదాన్ని. కట్టడం ఎవరూ నేర్పలేదు. పడగొట్టడం మాత్రం ఆ పద్నాలుగు మందిలో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

కుర్రాళ్లలో వత్సవాయి వైపు నుంచి వచ్చేవాడు ఒకడు మహా హుషారు. నాకు 'ఇంజనీరమ్మ' అని పేరు పెట్టింది వాడే.

"ఇంజనీరమ్మా, నా గోడ ఎట్టుంది?"

"సాయంత్రం చెప్తా, పడగొట్టాక."

"అద్దంలా ఉంది, చూడక్కా."

"అద్దమే తమ్ముడూ, ముట్టుకుంటే పగులుద్ది. బయటేమో ఇటుకలు, లోపలంతా ముక్కలు కూరావు. నిన్న చేత్తో తోస్తే పడింది."

కీసర ఆవిడ పక్కనుంచి, "తోసింది కూడా కాదురా, దగ్గింది" అంది. అందరూ నవ్వారు. మేస్త్రీ నవ్వలేదు. లేచి వెళ్లి ఆ గోడ పై వరస ఇటుక ఒకటి లేపి లోపలికి చూశాడు. వాడిని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. నన్ను మాత్రం మెచ్చుకోలేదు, తాపీ ఇవ్వలేదు. మర్నాటి నుంచి సాయంత్రంపూట టీకి పోకుండా, మేం పడగొడుతుంటే బీడీ కాలుస్తూ పెట్టె మీద కూర్చునేవాడు. "ఏది గట్టిదమ్మాయ్?" అని అడిగేవాడు. చెబితే "ఊఁ" అనేవాడు. అంతే.

ఒక సాయంత్రం తట్ట కింద పెట్టి నిలదీశాను.

"మేస్త్రీగారూ, ఏది గట్టిదో నన్నడుగుతున్నారు. కట్టే పని వాళ్లకిస్తున్నారు. ఇదేం న్యాయమండి?"

"న్యాయం సంగతి నాకేం తెలుసమ్మా."

"పుస్తకంలో ఉంది మొత్తం. నేను చదివా."

"పుస్తకం గోడ కట్టేపనైతే నేను పన్లోకి రావడమెందుకు, దాన్నే పంపేవాణ్ని."

తర్వాత అసలు సంగతి చెప్పాడు. వాళ్లలో ఒక ఆచారం. నేర్చుకున్నవాడు పనికొస్తాడని గురువుకి తోచినప్పుడు, మంచిరోజు చూసి, తాంబూలంలో పెట్టి తాపీ చేతికిస్తాడు. శిష్యుడు కొత్త తువ్వాలు కప్పి, దండం పెట్టి, కడుతున్న గోడలో ఒక ఇటుక పెడతాడు. ఆ రోజు నుంచి వాడు మేస్త్రీ. ఆ పైన వాడు కట్టింది ఎప్పుడు బీటలిచ్చినా జనం ముందడిగే మాట, "వీడికి తాపీ ఎవరిచ్చారు?"

"చిల్లకల్లులో నావాడొకడు కట్టిన అరుగు కుంగింది. వాణ్ని వదిలేసి నన్ను పిలిపించారు. నా చేత్తో మళ్లీ కట్టా. అప్పటికి వాడు నా దగ్గర పని మానేసి పదేళ్లు. ఆఫీసు పెట్టెలో తాపీ ఎవరికైనా ఇస్తా, అది ఇనప ముక్క. నా తాపీ వేరు. ఆడపిల్లకిచ్చానంటే, ఈ తాలూకాలో ఏ గోడకి పగులొచ్చినా నా పేరే."

"మొగోళ్లు కడితే పగుళ్లు రావా అండి?"

"వస్తయ్. అప్పుడు వాడి ఖర్మ అంటారు. నువ్వు కడితే నా ఖర్మ అంటారు."

ఆయన చెప్పిందాంట్లో తప్పు పట్టుకోవడానికి ఇంటికి వెళ్లేదాకా బస్సులో ఆలోచించాను. దొరకలేదు. అందుకే ఇంకా మండింది. సర్టిఫికెట్ ఆఫీసు ఇస్తుంది. కానీ జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా ఏ ఇంటి యజమానీ సర్టిఫికెట్ అడగడు, ఎవరి శిష్యుడివని అడుగుతాడు. ఆయన ఇవ్వకపోతే నేను చదివిన పుస్తకమూ ఆఫీసు కాగితమూ కలిపి కట్ట కట్టి అటక మీద పెట్టుకోవాలి. మాలు తట్ట మాత్రం ఎప్పుడూ సిద్ధమే.

పరీక్ష ఇంకో పది రోజులుందనగా ఆఫీసరు వచ్చి, ఆడవాళ్లు కూడా పరీక్షలో గోడ కట్టి తీరాలన్నాడు. పై వాళ్లు లెక్క అడిగారట. మేస్త్రీ ట్రంకు పెట్టె తెరిచి, "తీసుకోండి, ఆఫీసు సొమ్ము" అని మిగిలిన రెండు తాపీలూ మా ముందు పెట్టాడు. పిడి చుట్టూ నూనె కాగితం అలాగే ఉంది. కీసర ఆవిడ దాన్ని చేతిలో తిప్పి, "అట్లకాడకి బాగుంటది" అంది. నేను పది రోజులు భోజనం వేళ కూడా కట్టాను. చెయ్యి తిరిగింది. నా గోడలు నిటారుగా వచ్చేవి, వరసలు మట్టంగా ఉండేవి. సాయంత్రం అందరివీ పడగొట్టేసరికి చీకటి పడేది. ఇక నాది నిదానంగా ఏం పడగొడతాంలే అని కీసర ఆవిడే ఒక్క తన్ను తన్నేసి, బస్సుకి వేళైందని లాక్కుపోయేది. నా గోడ ఎలా పడుతుందో మాత్రం నేనెప్పుడూ చూసుకోలేదు.

మేస్త్రీకి ఒక అలవాటు ఉండేది. మట్టి వేయకముందు మొదటి రెండు వరసల ఇటుకలూ పొడిగా నేల మీద పేర్చించేవాడు, మళ్లీ తీయించేవాడు, అప్పుడు కట్టడం. అన్ని నెలలూ ఆ ఇటుకలు పరిచిందీ ఎత్తిందీ నేనే కాబట్టి ఆ అలవాటంటే నాకు పరమ చిరాకు. పుస్తకంలో లెక్క ఉండగా ఈ పేర్చడమెందుకు? ఒక వరస ఇటుకలు పొడుగ్గా, దాని పై వరస అడ్డంగా, మూలన ఒక చీలిక ముక్క. అలా చేస్తే సందు మీద సందు పడదని పుస్తకం చెప్పింది.

పరీక్ష రోజున నేను ఇటుకలు పొడిగా పేర్చలేదు. మిగతావాళ్లు పేర్చుకుంటుంటే, లెక్క తెలిసినదాన్ని కదా అని నేరుగా మట్టి వేశాను. అందరికన్నా ముందు పూర్తి చేశాను. ఆఫీసరు ఎండకి తల మీద చేతిరుమాలు వేసుకుని వచ్చాడు. గుండు దారం వేలాడదీసి నిటారు చూశాడు. రసమట్టం పెట్టి వరస చూశాడు. "గుడ్, చాలా నీట్‌గా ఉంది. నువ్వు పాస్" అన్నాడు. అరగంటలో అందరినీ పాస్ చేసి, కీసర ఆవిడ కట్టిన వంకర గోడని కూడా పాస్ చేసి, జీపెక్కి వెళ్లిపోయాడు.

కుర్రాళ్లు సోడాలు తాగడానికి పోయారు. మేస్త్రీ నా గోడ దగ్గరకొచ్చి, దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"పాసయ్యావుగా. పడగొట్టు."

"ఇవాళ కూడానా అండి?"

"ఊఁ."

భుజం ఆనించి తోశాను. మూల నుంచి నాలుగిటుకల దూరంలో, కింది నుంచి పైదాకా, కత్తితో కోసినట్టు చీలి, సగం గోడ అటు పడింది, సగం ఇటు నిలబడింది. నెలల తరబడి అలాంటివి ఎన్ని పడగొట్టానో. ఏ తప్పు వల్ల అలా చీలుతుందో నోటుబుక్కులో బొమ్మ వేసి రాసుకున్నాను కూడా.

ఇటుక చేతిలోకి తీసుకుని కొలిచి చూస్తే అర్థమైంది. పుస్తకంలోని ఇటుక, వెడల్పుని రెండింతలు చేసి మధ్య సందు కలిపితే సరిగ్గా దాని పొడవంత. మా బట్టీల్లో కాల్చే నాటు ఇటుక అలా ఉండదు. అర అంగుళం తేడా. మూల దగ్గర బాగానే మొదలై, ఇటుకకి అర అంగుళం చొప్పున జరుగుతూ పోయి, నాలుగో ఇటుక దగ్గర సందు మీద సందు వచ్చి కూర్చుంది. పొడిగా పేర్చుకుని ఉంటే అక్కడే కనిపించేది. ఏ ఇటుక ఎక్కడ కాస్త చెక్కాలో, ఏ సందు కాస్త వెడల్పు చేయాలో తెలిసేది. ఆ పేర్చడం అందుకేనని ఆయన ఒక్క రోజూ నోరు విప్పి చెప్పలేదు.

"ఎందుకో చెప్పొచ్చుగా అండి, ఇన్నాళ్లలో" అన్నాను. ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఆయన మీద, ఆ ఆఫీసరు మీద, కొలత సరిపడని పుస్తకం మీద, అన్నిటికన్నా నా మీద.

"ఎవరికి చెప్పాలి? ఈళ్లకి చెబితే వినరు. నువ్వు అడగవు, నీకు తెలుసుగా."

"ఆఫీసరుతోనన్నా అనాల్సింది."

"అంటే నిన్ను ఫెయిల్ చేస్తాడు. నీకు కాగితం పోద్ది. నాకేం వస్తది?" తువ్వాలు దులుపుకున్నాడు. "రేపొచ్చి కట్టు."

మర్నాటికి శిక్షణ అయిపోయింది. హాజరు లేదు, రిజిస్టరు లేదు, కుర్రాళ్లు లేరు. కీసర ఆవిడ కూడా రాదు. అయినా బస్సెక్కి వెళ్లాను. ఆయన రేకుల పందిరి కింద కూర్చున్నాడు. ఇటుకలు నేనే మోసుకున్నాను, మట్టి నేనే తొక్కాను, పొడిగా పేర్చుకున్నాను, కట్టాను, సాయంత్రం నేనే పడగొట్టాను. మొదటి రోజు నడుం దగ్గర విరిగింది. రెండో రోజు మూలన ఊడింది. మూడో రోజు భుజంతో తోస్తే కదల్లేదు. గునపంతో ఒక్కో ఇటుకే పీకాల్సొచ్చింది. చెమట తుడుచుకుని ఆయన వైపు చూశాను.

"ఊఁ" అన్నాడు. తువ్వాలు మెడ మీద వేసుకుని, "మంచిరోజు చూడాలి" అన్నాడు.

నేను ఆ సాయంత్రమే జగ్గయ్యపేట బజారులో కొత్త తువ్వాలు కొన్నాను. వారం తర్వాత వెళ్లి అడిగితే, "మూఢం వచ్చింది గదమ్మా, శుక్ర మూఢం. మూఢంలో ఇయ్యకూడదు" అన్నాడు.

"మా ఇంట్లో మూఢాలు లేవండి. మేం చర్చికి పోతాం."

"నీకు లేకపోతే ఏం, ఇచ్చేవాణ్ని నాకుందిగా."

రెండు నెలల మూఢం. గ్రంథాలయంలో పంచాంగం తీసి చూశాను. ఆయన చెప్పింది నిజమే. ఖగోళం పుస్తకం తీసి, శుక్రుడు సూర్యుడికి దగ్గరగా వచ్చి కంటికి కనపడకుండా పోయే కాలమే మూఢమని కూడా చదువుకున్నాను. తెలిస్తే విసుగు తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు. ఈలోపు తిండి గడవాలి. నందిగామలో ఒక పొగాకు వ్యాపారి ఇల్లు మా మేస్త్రీయే కడుతుంటే, అక్కడే మాలు మోతకి చేరాను. సర్టిఫికెట్ ఇంట్లో పెట్టెలో ఉంది. నెత్తి మీద తట్ట ఉంది. కీసర ఆవిడ కూడా అదే పనిలోకి వచ్చింది. నిచ్చెన మీద నాకు ఎదురుపడ్డప్పుడల్లా, "ట్రైనింగయినోళ్లు ముందు నడవాలి" అని దారిచ్చేది.

ఒకరోజు కట్టే ఇద్దరు మేస్త్రీల్లో ఒకడు మరదలి పెళ్లని రాలేదు. మర్నాడు పొద్దున్నే వడ్రంగి కిటికీలు పెట్టడానికి వస్తాడు. వెనక గది గోడ ఆ సాయంత్రానికి కిటికీ ఎత్తుకి రావాలి. మా మేస్త్రీ పదింటిదాకా దారి చూసి, నా వైపు తిరిగాడు.

"అమ్మాయ్, ఎక్కు."

"మూఢం అయిపోయిందా అండి?"

"అవలా. ఇది ఇవ్వడం కాదు. వాడి తాపీ ఖాళీగా ఉంది, పట్టుకో. అంతే."

చీర కుచ్చెళ్లు దోపుకుని పరంజా ఎక్కాను. ముందు ఇటుకలు పొడిగా పేర్చుకున్నాను. కింద నుంచి కీసర ఆవిడ తట్ట అందిస్తూ, "మేస్త్రీగారికి మాలు పల్చగా ఉండాలా, చిక్కగా ఉండాలా?" అంది. "నోరు మూసుకుని ఇవ్వక్కా" అన్నాను.

మధ్యాహ్నం ఇంటి యజమాని వచ్చాడు. మెడ ఎత్తి నన్ను చూసి, మేస్త్రీతో అన్నాడు.

"ఏంటి, ఆడపిల్లనెక్కించావు?"

"మీక్కావాల్సింది గోడా, మొగోడా అండి?"

"అది కాదయ్యా. రేపు పడితే?"

"పడితే నా దగ్గరికి రండి. పేటలో నా ఇల్లు ఎవర్నడిగినా చూపిస్తారు."

ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. నేను విన్నట్టు కనపడకుండా ఇటుక మీద ఇటుక పెట్టుకుంటూ పోయాను. చెవులు మాత్రం ఆ మాటల మీదే ఉన్నాయి, అందుకని ఒక వరసలో మాలు ఎక్కువ పడింది.

సాయంత్రానికి గోడ కిటికీ ఎత్తుకి వచ్చింది. మేస్త్రీ గుండు వేసి చూసి, "రెండో వరస దారమంత బయటికుంది" అన్నాడు.

"తీసి కట్టనా?"

"వద్దు. పైన ప్లాస్టరింగొస్తదిగా."

"పోనీ, తాపీ ఇచ్చినట్టేగా అండి?"

"ఎవరన్నారు? మూఢం."

"పడితే మీ ఇంటికే రమ్మన్నారుగా ఆయన్ని?"

"అది గోడ సంగతి. నీ సంగతి కాదు." బీడీ కోసం చెవి తడుముకున్నాడు. "ఈ గోడ ఎవరు కట్టారంటే నిన్ను చూపిస్తా. ఎవరు నేర్పారంటే మాత్రం లైబ్రరీ అని చెప్తా."

ఆరు నెలలు, ఆ పైన మూఢం. ఇంత చాకిరీ చేయించుకుని ఒక్క మాట తిన్నగా చెప్పని మనిషిని ఇంకొకర్ని నేను చూడలేదు. తాపీ కడిగి, ఎవరిదో వాళ్ల సంచిలో పెట్టి, ఆయనతో చెప్పకుండా ఇంటికి నడిచాను.

మర్నాడు ఆ పెళ్లికి పోయినవాడు తిరిగొచ్చాడు. నేను ఇంట్లోంచి ఆఫీసు ఇచ్చిన తాపీ తెచ్చుకున్నాను. తట్ట ముట్టుకోలేదు. నేరుగా పరంజా ఎక్కి, ఇటుకలు పొడిగా పేర్చడం మొదలుపెట్టాను. మేస్త్రీ కింద నిలబడి కాసేపు చూశాడు. దిగమనలేదు. పంచాంగం ప్రకారం మూఢం పోవడానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి.